కుదురుకు ఇరవై మార్కులు

ఫిజీకి స్వాతంత్ర్యం ఇచ్చి వెళ్తూ తెల్లదొరలు మనకు రెండు మహా వ్యవస్థలు వదిలివెళ్లారు. ఒకటి చెరకు మిల్లు, రెండోది బొద్దుపిల్లల పోటీ. మిల్లు సీజన్లోనే ఆడుతుంది. పోటీ మాత్రం ఇంటి కోడలికి నెల తప్పిన రోజు నుంచే మొదలైపోతుంది.

నవాకాలో ఈ పోటీ నడిపేది శిశు పుష్టి మండలి. దాని శాశ్వత అధ్యక్షురాలు కుంతమ్మ (ఎన్నికలు జరిగినట్టు ఎవరికీ గుర్తులేదు). నిబంధనల్లో గందరగోళమేమీ లేదు. బరువుకు యాభై మార్కులు, బుగ్గలకు ముప్పై, కుదురుకు ఇరవై. గర్భిణి "చాలు" అంటే ఇంకొంచెం వడ్డించాలి. "వద్దు" అంటే మొహమాటపడుతోందని గ్రహించి, దగ్గరుండి తినిపించాలి.

కుంతమ్మ కోడలు కామిని ఈ పద్ధతి ప్రకారమే పెద్దవాడు సతేంద్రను కన్నది. నాలుగున్నర కిలోలు తూగాడు. కాన్పులో భుజం ఇరుక్కుని, పుట్టాక ఎడమ చెయ్యి నెలల తరబడి వేలాడిపోయింది. ఆ చేతిని పట్టుకుని కామిని ఏడ్చిన ఏడుపు ఏ మార్కుల కిందికీ రాలేదు. పోటీనాడు పిల్లాడు ఉలక్కుండా పలక్కుండా కూర్చున్నాడు. కుదురుకు ఇరవైకి ఇరవై, ఫస్టు ప్రైజు, పది కిలోల పంచదార! ఫొటోలో ఎడమ చేతి మీదికి దండ సర్దారు (చూడముచ్చటగా ఉంటుందని). ఏడాది దాటాక దేవుడి దయవల్ల చెయ్యి బాగైంది. ఫొటో మాత్రం హాల్లో అలాగే ఉంది.

ఇప్పుడు కామినికి మళ్లీ ఏడో నెల. నాడీ పట్నంలో క్లినిక్కుకి వెళ్లింది. వాళ్ల పద్ధతీ తక్కువదేం కాదు. రాత్రి నుంచి కడుపు మాడ్చుకుని రమ్మంటారు, రాగానే గ్లాసుడు గ్లూకోజు నీళ్లు తాగిస్తారు, ఆ తర్వాత ఒంట్లో చక్కెర ఎందుకుందని నిలదీస్తారు.

"బేటీ, నీ షుగర్ చాలా జాస్తి," అంది నర్సు షీలా. "చాయ్‌లో చీనీ బంద్, మిఠాయి బంద్. తిన్నాక కాసేపు నడువు. లేకపోతే ఈ బిడ్డ కూడా మరీ పెద్దదవుతుంది, కాన్పు మళ్లీ కష్టం."

కామినికి పెద్దవాడి చెయ్యి గుర్తొచ్చింది. బయట బెంచీ మీద కూర్చున్న మామ సన్యాసికి మాత్రం మొహం వెలిగిపోయింది. తన తోట చెరకులో తీపి ఎక్కువని అనిపించుకోవాలని ఆయన నలభై ఏళ్లుగా మిల్లు వైపు ఆశగా చూస్తున్న రైతు. ఇన్నాళ్లకు ఇంట్లో ఒకరు పాసయ్యారు. సాయంత్రం యంగోనా వేళ్ల కషాయం గిన్నె చుట్టూ చేరినవాళ్లకు, "అరే భాయ్, మా కోడలికి వచ్చినంత షుగర్ మన ఏ తోటకీ రాలే!" అని చెప్పుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు (యంగోనా తాగినప్పుడు ఎలాగూ కొడతారు, ఈసారి రెండు ఎక్కువ).

నర్సు మాట విన్న కుంతమ్మ మండలిని అత్యవసరంగా సమావేశపరిచింది. సీమంతంలో తలా ఒక లడ్డూ తినిపించే ఆచారాన్ని, వైద్యశాస్త్రం మీద గౌరవంతో, తలా అర లడ్డూకి తగ్గించారు. వచ్చినవాళ్లు నలభై మంది.

మొదటి అర లడ్డూ కుంతమ్మదే. కామిని నోరు బిగించింది.

"ఒక్క ముక్క తినవే. అందరూ ఏమనుకుంటారు?"

"అత్తా, సతేంద్ర చెయ్యి నువ్వు మర్చిపోయినావు. నేను మర్చిపోలే. నాకు భయంగా ఉంది. అట్లాంటి ప్రైజు నాకు మళ్లీ వద్దు."

కుంతమ్మ గోడమీది ఫొటో వైపు చూసి, పళ్లెం దించింది. "గర్భిణికి మొహమాటం తీవ్రంగా ఉన్నది" అని ప్రకటించి సభ ముగించింది. మర్నాటి నుంచి తనే కోడల్ని చెరకుతోట గట్టు వెంబడి నడిపించింది. మిగిలిన లడ్డూలు కొంగున కట్టుకొచ్చి, వృథా పోకూడదని దారి పొడుగునా తనే తింది.

ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలు. ఇరుక్కోలేదు, ఏమీ లేదు. ఏడుస్తూ రెండు చేతులూ ఒక్కసారే పైకి విసిరింది. వాటిని చూసి కామిని భోరుమని ఏడ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్లు అది బరువు గురించి అనుకుని, "పోనీలే బిడ్డా, తిని తిని అదే లావవుతుంది," అని ఓదార్చి వెళ్లారు.

పాపకు ఆరో నెలలో పోటీ వచ్చింది. అధ్యక్షురాలు మనవరాలని పక్షపాతం చూపలేదు. పాప ఒక చేత్తో, బహుమతులివ్వడానికొచ్చిన అతిథిగారి దండ లాగింది, రెండో చేత్తో ఆయన కళ్లజోడు ఊడబెరికింది. కామిని ముందు వరసలో కూర్చుని, ఆపకుండా చూస్తూనే ఉంది.

కుంతమ్మ మైకులో ఫలితం చదివింది. కుదురుకు ఇరవైకి సున్నా. కారణం: చేతులు రెండూ ఆడిస్తోంది.