మాట చెడిన తేదీ

పెళ్లి చేసుకుంటానని మగవాడిచ్చే మాట రెండు రకాలుగా చెడుతుందని చట్టం తేల్చింది. పుట్టుకతోనే చెడినదైతే, దాన్ని నమ్మి ఆడపిల్ల ఇచ్చిన సమ్మతి చెల్లదు, అది నేరం. కొన్నాళ్లు బాగానే ఉండి ఆ తర్వాత చెడినదైతే ఆడపిల్ల దురదృష్టం. ఏ మాట ఏ రకమో నిర్ణయించడానికి విజయవాడలో, గుణదల వెళ్లే దారిలో, వాగ్దానాల వయసు నిర్ధారణ కార్యాలయం వెలిసింది. (లిఫ్టు ఉంది. అది పనిచేయాలని నిబంధనల్లో ఎక్కడా లేదు.)

సత్యశ్రీ మూడో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చింది. ఆమె రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. రియల్ ఎస్టేటు ఆఫీసులో పనిచేసే పవన్‌కుమార్ పెళ్లి చేసుకుంటానంటే, ఆ మాట నమ్మి అతనికి అన్ని విధాలా దగ్గరైంది. ఇప్పుడతనికి చల్లపల్లిలో వేరే అమ్మాయితో నిశ్చితార్థమైంది. కేసు ముందుకు కదలాలంటే ఈ కార్యాలయం ఇచ్చే ధ్రువపత్రం కావాలి. అది లేకపోతే లోకం దృష్టిలో ఆమె మోసపోయిన మనిషి కాదు, తిరిగిన మనిషి. ఆ మాట తలచుకుంటేనే ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

పర్యవేక్షకులు వెంకటప్పయ్యగారు ఆమె ఫారం చూసి నొచ్చుకున్నారు. "ఏడో గడి ఖాళీగా వదిలేశావేంటమ్మా? మోసం చేయాలన్న ఉద్దేశం అతని మనసులో ఎప్పుడు పుట్టింది? తేదీ, సమయం రాయాలి."

"అతని మనసులో సంగతి నాకెలా తెలుస్తుందండి?"

"ఫిర్యాదు చేసింది నువ్వే కదమ్మా."

"మా అమ్మ ముప్పై ఏళ్లుగా చేపలమ్ముతోందండి. మొప్ప ఎత్తి చూసి చేప చెడిందో లేదో చెప్పేస్తుంది. ఎన్ని గంటలకి చెడిందో మాత్రం ఆవిడైనా చెప్పలేదండి."

"చేపలు మా పరిధిలోకి రావమ్మా," అన్నారాయన సానుభూతిగా. "పోనీ, మీ ఇద్దరి కులాలు వేరని ముందే తెలుసా?"

"తెలుసండి. అతనికీ తెలుసు."

ఆయన మొదటి ముక్క రాసుకున్నారు. (రెండో ముక్కకు ఫారంలో గడి లేదు.)

సత్యశ్రీ ఫోన్ తీసి దసరా నాటి మెసేజి చూపించింది. "మాఘమాసంలో మన పెళ్లి. ఒట్టు." వెంకటప్పయ్యగారు గోడ మీది క్యాలెండరు దించి, పేజీలు తిప్పి, కళ్లజోడు సవరించుకున్నారు. "ఈసారి మాఘమంతా మూఢమేనమ్మా. ఒక్క ముహూర్తం లేదు. లేని ముహూర్తానికి మాటిచ్చాడంటే మొదటి రోజే అబద్ధం."

ఒక అబద్ధం పుట్టిన రోజునే దొరికిపోవడం ఆ కార్యాలయ చరిత్రలో అదే మొదటిసారి. సిబ్బంది టీ గ్లాసులతో సహా లేచి వచ్చి చూశారు. ఇన్నాళ్లకు ఒకరు తనను నమ్మారనిపించి సత్యశ్రీకి ఏడుపొచ్చింది.

అయితే నిబంధన ప్రకారం రెండో పక్షాన్ని కూడా విచారించాలి. మర్నాడు పవన్‌కుమార్ ఇస్త్రీ చొక్కాతో హాజరయ్యాడు.

"మాఘంలో మూఢమని తెలిసే మాటిచ్చావా బాబూ?"

"నాకవన్నీ తెలీవండి. క్యాలెండరు మా అమ్మ చూస్తుంది."

"సరే. అసలీ అమ్మాయిని పెళ్లి చేసుకోవాలన్న ఉద్దేశం ఉందా, లేదా?"

"అది కూడా అమ్మే చూసుకుంటుందండి."

అతను నిజమే చెబుతున్నాడని సత్యశ్రీకి తెలుసు. ఆమెను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది అదే. "నా గదికి వచ్చినప్పుడు కూడా మీ అమ్మనడిగే వచ్చావా?" అంది. ఆ ప్రశ్న విచారణాంశాల్లో లేనందున రికార్డుకెక్కలేదు.

సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. నిందితుడికి సొంత ఉద్దేశాలే లేవు కాబట్టి దురుద్దేశం ఉండే వీల్లేదు. ఉద్దేశాలున్న అతని తల్లి ఫిర్యాదుదారుకు ఏ మాటా ఇవ్వలేదు. ఫిర్యాదుదారు మేజరు, చదువుకున్నది, ఉద్యోగస్తురాలు. ఈ వ్యవహారం మొత్తంలో సొంత బుద్ధితో నిర్ణయం తీసుకున్న వ్యక్తి ఆమె ఒక్కతే కనుక, బాధ్యత కూడా ఆమెదే.

ఫైలు మూసేయడానికి ఆమె సమ్మతి కావాలి. "ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నానని రాసి సంతకం పెట్టమ్మా," అన్నారు వెంకటప్పయ్యగారు.

"పెట్టకపోతేనండి?"

"పెట్టేదాకా రోజూ రావాలమ్మా."

ఆమె ఆ ముక్క రాసి సంతకం పెట్టింది. ఆయన దాని కింద స్టాంపు వేసి, చేతిరాతతో ఒక వాక్యం చేర్చారు: "ఈ సమ్మతి ఎలాంటి వాగ్దానమూ చేయకుండా తీసుకున్నది. పూర్తిగా చెల్లుతుంది."