ఏడు గంటల జీవమ్మ

...కాబట్టి ఈమె జీవమ్మ కాదు. జీవమ్మ ముఖం పెట్టుకుని తిరుగుతున్న ఇంకెవరో. ఇంత లోతైన సంగతి పట్టగల బుర్ర లోకంలో ఒక్కటే ఉందనీ, అది ప్రస్తుతం కోడుమూరులో తన భుజాల మీదే ఉందనీ మద్దిలేటికి మరోసారి రుజువైంది.

పగలు మగ్గం నేయడం, సాయంత్రం నేరాలు ఛేదించడం అతని పని. నేరాలన్నీ టీవీలోనే జరిగేవి. ఏడు గంటల సీరియల్లో పాలలో విషం కలిపిందెవరో, మతి పోయిన కోడలికి ఏ దెబ్బతో మతి తిరిగొస్తుందో, అన్నీ ముందే చెప్పేసేవాడు. పక్కన భార్య జీవమ్మ కూర్చునేది. ఆరేళ్ళలో ఒక్క రోజూ మానలేదు. అలాంటి మనిషి ఐదు రోజులుగా సరిగ్గా ఏడింటికి మాయమవుతోంది.

"యాడికి పోతాండావు?"

"పక్కింటి భీమక్క కాడికి. నూలు కండెలు చుట్టేదుండాది."

"మరి సీరియల్?"

"నువ్వు చూడు. నీకన్నీ తెల్సు గదా."

సీరియల్ వదిలేసి కండెలు చుట్టేది జీవమ్మా? ముమ్మాటికీ కాదు. అసలు జీవమ్మను ఎక్కడో బంధించి, పురిట్లోనే తప్పిపోయిన కవల చెల్లెల్ని ఇంట్లో దించారు. ఎందుకు? ఆస్తి కోసం. ఆస్తంటే ఒక మగ్గం, ఒక మేక. మేక మీద కన్నేశారని తోచగానే మద్దిలేటి వెళ్ళి దాని తాడు ముడి మరోసారి బిగించాడు.

ఐదు సాయంత్రాలూ ఒక్కడే టీవీ ముందు కూర్చున్నాడు. దోషిని పట్టేసి పక్కకు తిరిగితే చాప ఖాళీ. చెప్పడానికి మనిషి లేకపోతే తెలుసుకోవడంలో రుచి లేదనిపించింది. డిటెక్టివ్‌కు ఇలాంటి బెంగలు తగవని సర్దిచెప్పుకున్నాడు గానీ, తన జీవమ్మ తనకు తిరిగి రావాలి, అంతే.

ఆరో సాయంత్రం ఆమె కన్నా ముందే భీమక్క ఇంట్లోకి పెరటి దారిన దూరాడు. మగ్గం గుంతలోకి కాళ్ళు దించి కూర్చుని, మగ్గం మీద కప్పిన దుప్పటిని తన మీదికీ లాక్కున్నాడు. కాసేపటికి జీవమ్మ వచ్చింది. భీమక్క టీవీ పెట్టింది. అదే సీరియల్!

ఓహో, కవలలకు అలవాట్లు కూడా కలుస్తాయన్నమాట అనుకుంటూ మద్దిలేటి తీవ్రమైన ఆలోచనలో మునిగాడు. కానీ మగ్గంలో కూర్చున్న నేతగాడి కాళ్ళు ఊరికే ఉండవు. ముప్పై ఏళ్ళ అలవాటు. తల కేసులో ఉండగానే కాళ్ళు కింది చెక్కల్ని తొక్కడం మొదలుపెట్టాయి. టకటక, టకటక.

"అక్కో! నీ మగ్గం దానంతటదే ఆడతాండాది!"

"దెయ్యమే! ఆ చీపురిట్లియ్యి!"

మూడు దెబ్బలు పడ్డాక దుప్పటి జారింది.

"ఓయమ్మో, మద్దిలేటన్నా! నువ్వా?"

మద్దిలేటి వీపు రుద్దుకుంటూనే వేలు చూపించాడు. "అసలు జీవమ్మను యాడ దాచినారు? నిజం చెప్పండి!"

"మతుండే మాట్లాడతాండావా?" అంది జీవమ్మ. "నేను గాక ఈడుండేది ఎవురు?"

"మరి ఇంట్లో టీవీ పెట్టుకోని ఈడికెందుకొస్తివి?"

"ఇంట్లో నువ్వుండావు గదప్పా! సీరియల్లో ఆయమ్మ ఏడ్సకముందే ఏడుస్తాదంటావు. ఆరేండ్లాయ, ఒక్కసారన్నా నన్ను ఉలిక్కిపడనిస్తివా?"

భీమక్క నవ్వలేక దగ్గుతోంది. టీవీలో ఎవరో మూసిన తలుపు తడుతున్నారు. జీవమ్మ చప్పున అటు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. పక్కనే ఆరేళ్ళు కూర్చున్నా, సీరియల్ చూసేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో మద్దిలేటి చూడటం ఇదే మొదటిసారి.

తలుపు వెనక ఉన్నది చచ్చాడనుకున్న మొగుడే. మద్దిలేటికి తెలుసు. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

గుంతలోంచి లేచి వచ్చి, చాప చివర ఒదిగి కూర్చున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు:

"ఎవురై ఉంటారంటావు, జీవమ్మా?"