ఆహారం (ఉన్నట్లయితే)

ఒక నగరం ఎంత నాగరికమైనదో అక్కడి గ్రంథాలయాలను బట్టి, మురుగుకాలువలను బట్టి అంచనా వేసే రోజులు పోయాయి. ఒక వీధిలో ఏడాదికి ఎన్ని రెస్టారెంట్లు తెరుచుకున్నాయి, వాటిలో ఎన్ని గౌరవప్రదంగా మూతపడ్డాయి అన్నదే ఇప్పటి కొలత. ఆ లెక్కన మా వీధి ప్రపంచంలోనే అగ్రస్థానంలో ఉందని మా వీధివాళ్లమంతా ఏకగ్రీవంగా నమ్ముతాం.

పదేళ్ల కిందట ఇక్కడ పంక్చర్లు వేసేవారు, పరుపులు కుట్టేవారు. ఇప్పుడు అవే గదుల్లో గోడలు గీకి, ఇటుకలు బయటపెట్టి, భోజనం పెడుతున్నారు. ఒకచోట కుర్చీలకు బదులు ఉయ్యాలలుంటాయి. సూపు తాగాలంటే ముందు ఊగడం ఆపాలి. ఇంకోచోట పెంకు మీద ఒక్క క్యారెట్ పెట్టి చుట్టూ పొగ వదులుతారు. పొగ తగ్గాక చూస్తే క్యారెట్ కూడా తగ్గి ఉంటుంది.

ఇన్ని తెరుచుకోవడం, ఇన్ని మూతపడడం ఒక పద్ధతీ పాడూ లేకుండా జరిగిపోతుంటే అధికారులు చూస్తూ ఊరుకోరు కదా. అందుకే భోజనశాలల ఆయుర్దాయ నిర్ధారణ విభాగం ఏర్పడింది. రెస్టారెంటు తెరవాలనుకున్నవారు అది ఎన్నాళ్లు బతుకుతుందో ముందే ధ్రువపత్రం తీసుకోవాలి. దరఖాస్తులో నలభై గడులుంటాయి. గోడల తీరు, వేలాడే మొక్కల సంఖ్య, ఫొటో దిగడానికి అనువైన మూలలు, మూతపడడానికి గల కారణాలు (ముందుగానే ఏవైనా మూడు ఎంచుకోవాలి). ముప్ఫయ్యెనిమిదో గడి: ‘ఆహారం (ఉన్నట్లయితే)’.

ఈ విభాగం గుమ్మం ముందుకు ఒకరోజు పొద్దున్నే క్యాంటీన్ అక్క వచ్చి నిలబడింది.

ఆవిడ ఇరవై రెండేళ్లు ఒక ఆస్పత్రి క్యాంటీన్‌లో వండింది. రోగుల వెంట వచ్చినవాళ్లు, నర్సులు, తోపుడు మంచాలవాళ్లు, అందరికీ అక్కే. కిందటేడు ఆ క్యాంటీన్ ఎత్తేసి, మీట నొక్కితే బిస్కెట్లు రాల్చే యంత్రాలు పెట్టారు. ఇంట్లో కూర్చోబెడితే ఆవిడకు చేతులు ఊరుకోలేదు. ఇద్దరికి వండబోతే ముప్ఫై మందికి అయ్యేది. లిఫ్టులు బాగుచేసి రిటైరైన భర్త వారం రోజులు మాట్లాడకుండా తిని, ఎనిమిదో రోజు, “ఏదో ఒకటి తెరువు. నేనొక్కణ్నీ ఎంతని తినను?” అన్నాడు. ఉన్నదంతా పెట్టి మా వీధిలో ముందూ వెనకా రెండు గదులు తీసుకున్నారు. ‘అక్క భోజనం’ అని బోర్డు రాయించారు.

ఆయుర్దాయ అధికారి మంచివాడే. సన్నగా, అజీర్తి చేసినవాడిలా ఉంటాడు. దరఖాస్తు తిరగేసి కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు.

“కాన్సెప్టు గడి ఖాళీగా వదిలేశారేంటమ్మా?”

“అదేంటో నాకు తెలీదు సార్. ఆకలేసినోళ్లు వస్తారు, పెడతాను.”

“అది కాన్సెప్టు కాదమ్మా, అలవాటు. సరే, గోడలు?”

“చక్కగా ప్లాస్టరింగ్ చేయించి సున్నం వేయించాం సార్.”

“అయ్యయ్యో.” ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. “ఇటుకలు కనపడాలి కదమ్మా! మొక్కలు?”

“కరివేపాకు కుండీ ఒకటుంది.”

“వేలాడుతుందా?”

“కిందే ఉంటుంది సార్. కోసుకోవాలిగా.”

ఆయన చాలాసేపు కూడికలు, తీసివేతలు చేసి, ఎర్రసిరాతో ‘తొంభై రోజులు’ అని రాసి ముద్ర కొట్టాడు. అక్క ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని చూసింది.

“ఇరవై రెండేళ్లు ఆస్పత్రిలో ఉన్నాను సార్. అంత పెద్ద డాక్టర్లు కూడా ఎవరికీ ఇంత కచ్చితంగా చెప్పలేదు.”

“వాళ్లకు సరైన ఫారం లేదమ్మా,” అన్నాడాయన వినయంగా.

ఇంటికొచ్చేసరికి మరిది కూర్చుని ఉన్నాడు. వృత్తిరీత్యా మెనూ రచయిత. ఈ వీధిలో పదకొండు రెస్టారెంట్లకు మెనూలు రాశాడు. పదకొండూ కాలం చేశాయి గానీ, అతని శైలికి మాత్రం మంచి పేరొచ్చింది.

“వదినా, నా మాట విను. అన్నం అని రాయొద్దు. ‘నీటిలో మౌనంగా విచ్చుకున్న ధాన్యం’ అని రాద్దాం.”

“వచ్చినోడు అన్నం ఉందా అని అడిగితే?”

“అడగడు వదినా. అడిగితే వాడికి తెలీదని పక్కవాళ్లకి తెలిసిపోతుంది.”

“నాకు తెలిసినోళ్లు చాలు గానీ, నువ్వు ముందు చేతులు కడుక్కురా, తిందువుగాని,” అంది అక్క. అతను మూడుసార్లు వడ్డించుకున్నాడు. మారు వడ్డించుకునే వీలు తన పదకొండు మెనూల్లో ఒక్కదానిలోనూ లేదని అతనికి అప్పుడు తట్టలేదు.

తెరిచాక పది రోజులు ఈగ వాలలేదు. ఆ మాటకొస్తే అక్క ఈగను కూడా వాలనివ్వలేదు. షోకైన జంటలు గుమ్మం దాకా వచ్చి, బల్లలు, బెంచీలు, గిన్నెల మీద మూతలు చూసి, ఇది ఏ దేశపు వంటకాల శైలో అర్థంకాక వెనక్కి తిరిగేవారు. అక్క రోజూ వండేది. రోజూ మిగిలేది. పదో రోజు మధ్యాహ్నం గరిటె పక్కన పెట్టి, “నాకు వంట రాదేమోనండీ,” అంది. “ఆస్పత్రిలో వాళ్లకి వేరే దిక్కులేక తిన్నారేమో ఇన్నాళ్లూ.” ఆ పూట భర్త కడుపు నిండినా మూడోసారి వడ్డించమని కంచం చాపాడు.

పదకొండో రోజు, మధ్యాహ్నం మూడింటికి, ఎదురుగా ఉన్న పొగ రెస్టారెంటు పెద్ద వంటవాడు, నెత్తిన పొడుగాటి తెల్లటోపీతో, దొంగచూపులు చూస్తూ లోపలికొచ్చాడు.

“అక్కా, తినడానికేమైనా ఉందా? మా దగ్గర ఏమీ లేదు.”

మర్నాడు అతను ఇద్దరు వడ్డన కుర్రాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. వారం తిరిగేసరికి వీధిలోని వంటవాళ్లంతా వచ్చారు. ఆ తరవాత, వంటవాళ్లు ఎక్కడికి పోతున్నారో కనిపెడదామని యజమానులు వచ్చారు. ఉయ్యాలల యజమాని బెంచీ మీద కూర్చుని, రెండు పాదాలూ నేలకు ఆనించి, “అబ్బ!” అన్నాడు. రెండో నెల నిండేసరికి నిలబడి తినేవాళ్లు కూడా ఉన్నారు.

తనిఖీకి వచ్చిన ఆయుర్దాయ అధికారి నిబంధనల ప్రకారం ఒక నమూనా తిని చూశాడు. ఫలితం నిర్ధారించుకోవడానికి మరో నమూనా అడిగాడు. ఒక్కరోజు పరీక్షతో తేలే విషయం కాదని, ఆ తరవాత రోజూ ఒంటిగంటకు నమూనాకు వచ్చేవాడు. ఒళ్లు కాస్త నిండింది. అజీర్తి పోయింది.

తొంభయ్యో రోజు కూడా ఒంటిగంటకే వచ్చాడు. అయితే చేతిలో లక్క, సీలు ఉన్నాయి.

“అమ్మా, ఇవాళ మూసెయ్యాలి.”

“ఎందుకు సార్? బాగానే నడుస్తోందిగా!”

“అదేనమ్మా వచ్చిన చిక్కు. బాగా నడవకపోతే మీ అంతట మీరే మూసేసుండేవారు. నాకీ పాపం తప్పేది.” ఆయన గొంతు తగ్గించాడు. “మా విభాగం అంచనా ఇంతవరకూ ఒక్కటీ తప్పలేదు. ఇప్పుడు మీదొక్కటి తప్పితే, మిగతావి కూడా ఊరికే రాశామనుకోరా జనం?”

“ఊరికే రాయలేదా?”

“అది వేరే సంగతమ్మా.”

అక్క ముఖం ఎర్రబడింది. గరిటె చేతిలోనే ఉంది.

“నేనెవరికి ఏం అన్యాయం చేశాను సార్? లోపల నలభై మంది తింటున్నారు. ఎంగిలిచేత్తో లేవమని మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా? మీ కంచం కూడా పెట్టేశాను, అదిగో. తీసెయ్యమంటే తీసేస్తాను.”

అధికారి కంచం వంక చూశాడు. ఆవిరి వస్తోంది. చట్టం వంక కూడా చూద్దామనుకున్నాడు గానీ, అది ఆఫీసులో ఉండిపోయింది. లక్క జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. రెండో ముద్దకు ఆయనకు మార్గం దొరికింది.

“మూతపడినట్టు రాసేస్తానమ్మా. మూతపడ్డదానికి ఇంక నిబంధనలేవీ వర్తించవు. మీ పనేదో మీరు చేసుకోండి. కాకపోతే బోర్డు ఉండకూడదు. వీధి తలుపు ఉండకూడదు. వెనక సందులోంచి రావాలి.”

“అంటే నేను బతికున్నట్టా, పోయినట్టా?”

“కాగితం మీద పోయారమ్మా. మిగతా అన్నిచోట్లా క్షేమమే.”

ఆ సాయంత్రం భర్త నిచ్చెనెక్కి బోర్డు దించాడు. క్యాంటీన్‌లో ఇరవై రెండేళ్లు పనిచేసినా ఆ గోడల మీద ఆవిడ గురించి ఒక్క అక్షరం లేదు. తనను అందరూ పిలిచే పిలుపు ఒక బోర్డెక్కడం ఇదే మొదలు. అక్క దాన్ని తడిగుడ్డతో తుడిచి, దుమ్ము పడకుండా దుప్పటి చుట్టి, బియ్యం బస్తాల వెనక నిలబెట్టింది. తరవాత ముక్కు చీది, మర్నాటికి కూరలు తరగడానికి కూర్చుంది.

అక్క వంటా వడ్డనా వెనక గదిలోకి మారి ముందు గది ఖాళీ అయింది కాబట్టి అక్కడ సహజంగానే మరో రెస్టారెంటు వచ్చింది. మెనూ మరిదిదే. ఈసారి కాన్సెప్టు ‘ఆకలి’. గీకిన గోడల మధ్య, వేలాడే మొక్కల కింద, అతిథులు గంటసేపు ఖాళీ పళ్లేల ముందు కూర్చుని ఆకలిని అనుభవిస్తారు. అధికారి దానికి పూర్తి మార్కులేసి మూడేళ్ల ఆయువు రాశాడు. గంట పూర్తయ్యాక అతిథులు ఫొటోలు దిగి, బయటికొచ్చి, ఒకరి ముఖాలొకరు చూసుకోకుండా వెనక సందులోకి నడుస్తారు. మరిది వాళ్లకంటే ముందే వెళ్లి కూర్చుంటాడు.

ఏడాది చివర ఆయుర్దాయ నిర్ధారణ విభాగానికి నూటికి నూరు శాతం కచ్చితత్వానికి గాను ప్రశంసాపత్రం వచ్చింది. ఆ సందర్భంగా సిబ్బందికి విందు జరిగింది. అరవై మందికీ అక్కే వండి, దగ్గరుండి వడ్డించింది. ప్రసంగంలో అధికారి అందరికీ ధన్యవాదాలు చెప్పాడు, ఫారాలు అచ్చువేసినవారికి సైతం. ఆవిడ ప్రస్తావన మాత్రం రాలేదు. మూతపడిన సంస్థలకు కృతజ్ఞతలు తెలిపే గడి ఏ ఫారంలోనూ లేదు.