బుచ్చిబాబు ట్రంకులో గాజు గొట్టాలు

సచివాలయం గుమాస్తా శ్రీరామమూర్తి ఆ రోజు సెలవు పెట్టి, పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. ఉద్యోగం ఖాయం చేసేముందు విచారణకని సాయంత్రం పోలీసు ఇంటికి వస్తాడు. గుంటూరు నుంచి నాంపల్లి వచ్చిన రెండేళ్లుగా అతనికి ఉన్న బెంగల్లా ఆ ‘ఖాయం’ గురించే.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి" అంది భార్య నాగరత్నం.

ఆమె తమ్ముడు బుచ్చిబాబు నిన్ననే బెజవాడ నుంచి దిగాడు. ఏం ఉద్యోగంరా అంటే, "చేరాక చెబుతాలే బావా" అని ముసిముసిగా నవ్వి, తెల్లారగానే ఆబిడ్స్ వెళ్లిపోయాడు. ఉతికే బట్టల కోసం వాడి ట్రంకు తెరిస్తే, పంచెలో చుట్టిన నాలుగు గాజు గొట్టాలు బయటపడ్డాయి. సన్నటి మెడ, దానిలోపల అంకెలు, అడుగున బుడ్డి, బుడ్డిలో సీసం గుళ్లు.

"జ్వరం చూసేవేమోనండీ?"

"ఎవరికి, ఏనుగుకా?"

శ్రీరామమూర్తి వెంటనే ముందు వాటాలో ఉండే ఇంటి యజమాని బాలకిషన్‌ను పిలిచాడు. స్టేషను దగ్గర పాల దుకాణం నడిపే ఆయన గొట్టాలు చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"అరే, ఇవేడికెల్లి వచ్చినయ్ సార్? బాంబు సామాన్! పోలీసోళ్లు చూసిన్రంటే మీ నౌకరీ గాయబ్. చాదర్‌ఘాట్ పుల్ మీదికెల్లి మూసీల పడేయున్రి. జర జల్దీ! రిక్షా నేను పిలుస్తా."

రిక్షా పిలవడమే కాదు, శ్రీరామమూర్తిని తనే ఎక్కించాడు. వంతెన మీంచి గొట్టాలు మూసీలో కలిశాయి.

తిరిగొచ్చేసరికి బుచ్చిబాబు ట్రంకు ముందు నెత్తిమీద చేతులు పెట్టుకుని ఉన్నాడు.

"కొంప ముంచావు బావా! అవి పాలలో నీళ్లు కలిస్తే పట్టేసే గొట్టాలు; నీళ్లెక్కువైతే మునుగుతాయి. నేను ఈ పేటకి పాల ఇన్‌స్పెక్టర్ని. రేపు వాటితోనే చేరాలి. సర్కారు సొత్తు పోగొట్టానంటే చేరకముందే ఇంటికి పంపిస్తారు."

నాగరత్నం మెల్లగా కొంగు చాటు నుంచి ఒకటి తీసింది. "ముద్దుగా ఉందని దాచానురా."

బుచ్చిబాబు దాన్ని పొయ్యి పక్కనున్న, బాలకిషన్ దుకాణం పాలలో వదిలాడు. అది బుడుంగున అడుగుకి మునిగిపోయింది. గుమ్మం దాకా వచ్చిన బాలకిషన్ అది చూసి గిర్రున వెనక్కి తిరిగాడు.

సాయంత్రం పోలీసు వచ్చి, ఆ పాల కాఫీయే తాగి, ఇంట్లో అనుమానించదగ్గదేమీ లేదని రాసుకుపోయాడు.

తెల్లారేసరికి బాలకిషన్ గుమ్మంలో నిలబడ్డాడు. తువ్వాలు విప్పితే అచ్చం అలాంటివే మూడు గొట్టాలు.

"ఇవి మీ దగ్గరెందుకున్నాయండీ?" అన్నాడు శ్రీరామమూర్తి తెల్లబోయి.

"పాలు కొనేటప్పుడు చూస్కోవద్దా సార్? నీళ్లు కలిపి మోసం చేస్తరు."

ఆ రోజు బాలకిషన్ దుకాణంలో పాలు మొదటిసారి మీగడ కట్టాయి.