ఇరవై గంటల మంత్రిగారూ, ఒక రోజు సెలవూ

ఇకమీదట ఏ కార్మికుడూ రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేయనక్కర్లేదనీ, అయిదు గంటలు చేశాక అరగంట విరామం, వారానికో రోజు సెలవు ఇచ్చి తీరాలనీ, అదనంగా చేయిస్తే రెట్టింపు జీతం కట్టాలనీ కార్మిక శాఖ మంత్రిగారు ప్రకటించారు. బిస్కెట్ల ఫ్యాక్టరీ ఆవరణలో జరిగిన ఆ చరిత్రాత్మక సభకు నేను ప్రత్యక్ష సాక్షిని. ఆరువందల మంది ఎండలో నిలబడి విన్నారు. సభ కోసం వాళ్లకు ప్రత్యేకంగా టైము కేటాయించారు. అది వాళ్ల భోజన విరామం. విరామం హక్కు చిన్న విషయం కాదు కాబట్టి ప్రసంగం గంటన్నర సాగింది. ఎక్కువైన గంటను యజమాని ఆ సాయంత్రమే వాళ్ల దగ్గర వసూలు చేసుకున్నాడు.

నేను మంత్రిగారి పేషీలో ప్రచారం చూస్తాను. ఉపన్యాసాలు, కరపత్రాలు, పత్రికలకు పంపే ఫోటోలు, అన్నీ నా చేతి మీదుగానే పోవాలి. పనులు ఆయనవి, విశేషణాలు నావి. ఆ రోజు చప్పట్లు మోగిన వాక్యం కూడా నాదే: "మీరు ఎనిమిది గంటలు చేయండి చాలు. మీకోసం నేను ఇరవై గంటలు పనిచేస్తున్నాను!"

నిజానికి నేను పద్ధెనిమిది అని రాశాను. మంత్రిగారు కళ్లజోడు తీసి నన్నోసారి చూశారు.

"పద్ధెనిమిది ఆర్థిక మంత్రి వాడేశాడు కదయ్యా."

"పంతొమ్మిది వేద్దామా సార్?"

"పంతొమ్మిదంటే లెక్కేసి చెప్పినట్టుంటుంది. ఇరవై వెయ్యి."

ప్రజలంటే ఆయనకు అంత ప్రేమ. కూర్చున్న కుర్చీలోంచి లేవకుండానే రెండు గంటలు పెంచేశారు.

మంత్రిగారి కారు నడిపే డ్రైవరు మెత్తటి మనిషి. ఆరేళ్లుగా చూస్తున్నాను, హారన్ కూడా గట్టిగా కొట్టడు. సభ అయ్యాక నా దగ్గరికొచ్చి, "అన్నా, ఒక కరపత్రం ఇవ్వవా?" అని అడిగాడు. కారు అద్దం తుడుచుకోవడానికి కాబోలనుకుని రెండిచ్చాను.

మర్నాడు అందులో ఒకటి జతచేసి దరఖాస్తు పెట్టాడు. కొత్త చట్టం కింద వచ్చిన మొట్టమొదటి దరఖాస్తు అది. "మంత్రిగారు రోజుకు ఇరవై గంటలు పనిచేస్తున్నారు. వారు ఎక్కడుంటే నేనూ అక్కడే. కాబట్టి నావీ ఇరవై గంటలే. ఓవర్‌టైము డబ్బులు అక్కర్లేదు. వారానికి ఒక రోజు సెలవు ఇప్పించగలరు."

శాఖ కార్యదర్శిగారిని మేమంతా చాటుగా రూలుబుక్కు అంటాం. ఆయన ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని మంత్రిగారి గదిలోకి వచ్చారు. డ్రైవరును పిలిపించారు. నేను ఎలాగూ ఉన్నాను.

"ఇది ఒప్పుకుంటే, కొత్త చట్టాన్ని మొట్టమొదట అతిక్రమించింది తమరవుతారు సార్," అన్నారు రూలుబుక్కు.

"అయితే కొట్టెయ్."

"కొట్టేస్తే, తమరు ఇరవై గంటలు పనిచెయ్యడం లేదని రాసివ్వాలి సార్."

మంత్రిగారు బిస్కెట్టు టీలో ముంచి తియ్యడం మర్చిపోయారు. అది మెత్తబడి అడుక్కి పోయింది.

"ఏమయ్యా, నీకు నేనేం తక్కువ చేశాను?" అన్నారు డ్రైవరుతో, నిజంగానే నొచ్చుకుని.

"అయ్యో, మీరేం తక్కువ చెయ్యలేదు సార్. మా పాపకి నాలుగేళ్లు. నేను ఇంటికెళ్లేసరికి పడుకునుంటుంది, బయల్దేరేటప్పటికి లేవదు. మొన్న మీరు విమానం ఎక్కారని పగటిపూట ఇంటికెళ్లాను. నన్ను చూసి, 'అమ్మా, ఎవరో వచ్చారే' అని తలుపు చాటుకి పోయింది సార్."

మంత్రిగారికి జాలేసింది. "ఫోటో చూపించొచ్చు కదయ్యా."

"పెళ్లి ఫోటోలో మీసం లేదు సార్, అది నేనంటే నమ్మట్లేదు. పేపర్లో మీ ఫోటో పడ్డప్పుడల్లా పక్కన డోరు పట్టుకుని నేనుంటాను కదా. మా ఆవిడ అవి కత్తిరించి గోడకి అంటించింది. రోజూ పాలగ్లాసు ఇస్తూ 'అదుగో నాన్న' అని చూపిస్తుందట."

నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. ఫోటోలు సరిచేసి పత్రికలకు పంపేది నేనే. మంత్రిగారి పక్కన అనవసరమైనవి కనపడకూడదన్నది నా పద్ధతి. డ్రైవరును మోచేతి దాకా ఉంచుతాను, డోరు దానంతటదే తెరుచుకున్నట్టు ఉంటే బాగుండదని. ఈ సంగతి చెప్పడానికి అది సమయం కాదనిపించి టీ తాగాను.

ఈలోగా రూలుబుక్కు కారు లాగ్‌బుక్కు తెప్పించారు. అందులో బండి రోజుకు సగటున మూడు గంటలే నడిచింది. రోజూ ఒంటిగంట నుంచి అయిదు దాకా గెస్ట్‌హౌస్ ముందు ఆగి ఉంది. కారణం అన్నచోట "ప్రజా సమస్యలపై అధ్యయనం" అని ఉంది.

"అప్పుడు హారన్ కొట్టొద్దని ఆర్డరండీ," అన్నాడు డ్రైవరు. "అధ్యయనంలోంచి లేచిపోతారని."

"అంటే నువ్వు నడిపేది మూడు గంటలు," అన్నారు రూలుబుక్కు, ముఖం వెలిగిపోతుండగా. "మిగతా పదిహేడు గంటలూ కూర్చుంటున్నావు. కూర్చోవడమంటే విశ్రాంతి. చట్టం అరగంట ఇమ్మంటే ప్రభుత్వం నీకు పదిహేడు గంటలు ఇస్తోంది!"

"కార్లో సారు కూడా కూర్చునే ఉంటారు కదండీ?" అన్నాడు డ్రైవరు అమాయకంగా.

మంత్రిగారు ఏసీ పెంచమన్నారు. దరఖాస్తు కొట్టేశారు.

నేను ఊరుకుంటానా? "ఉద్యోగికి రోజుకు పదిహేడు గంటల విశ్రాంతి ఇస్తున్న ఏకైక శాఖ" అని ప్రకటన రాసి పంపాను. ఒక పత్రికవాడికి కడుపుమంట. మంత్రి ఇరవై గంటలు పనిచేస్తూ, కారు మూడు గంటలే నడిస్తే, తక్కిన పదిహేడు గంటలూ ప్రజల దగ్గరికి ఎలా వెళ్తున్నారు అని అడిగాడు. ప్రశ్న చదివిన అయిదు నిమిషాల్లో జవాబు రాసిచ్చాను: "కాలినడకన."

మంత్రిగారు చదివి, "భేష్," అన్నారు. కాసేపాగి, "ఎవరు, నేనా?" అన్నారు.

ఇక చేసేదేముంది? జనం రోడ్ల మీదికొచ్చి ఎదురుచూస్తుంటే నడవక తప్పలేదు. వారం రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంత్రిగారు వీధులన్నీ నడిచారు. ముందు ఫోటోగ్రాఫర్లు, పక్కన డాక్టరు, వెనకాల కారు. ఎప్పుడు కూలబడతారో తెలియదు కాబట్టి కారు పది అడుగుల దూరం దాటకూడదు. డ్రైవరు ఆ వారమంతా మొదటి గేరులోనే నడిపాడు. క్లచ్చి మీద పెట్టిన కాలు పెట్టినట్టే ఉండి మోకాలు కొబ్బరికాయంత వాచింది.

ఎనిమిదో రోజు రెండో దరఖాస్తు పెట్టాడు. ఈసారి జతచేసింది లాగ్‌బుక్కే. రోజుకు పన్నెండు గంటలు, ఏ రోజూ తక్కువ లేదు. రూలుబుక్కు తన పుస్తకాన్ని ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి తిరగేసి మూసేశారు.

మంత్రిగారు వేడినీళ్ల బేసినులో కాళ్లు పెట్టుకుని ఉన్నారు. "ఇచ్చి పారెయ్యండయ్యా వాడి సెలవు!" అని అరిచారు. మరుక్షణమే ఆయనలోని నాయకుడు మేలుకున్నాడు. "ఆగండాగండి. ఊరికే ఇస్తామా? కొత్త చట్టం కింద మొట్టమొదటి సెలవు! వాడింటికే వెళ్లి నా చేతుల్తో ఇస్తాను. ఎప్పుడు బాగుంటుంది?"

"ఆదివారం సార్," అన్నాను.

ఆదివారం పొద్దున సెలవు పత్రానికి బంగారురంగు ఫ్రేము కట్టించి, పన్నెండు మంది ఫోటోగ్రాఫర్లను పిలిచి, బొకే పట్టుకుని కారు దగ్గరికొచ్చాక చిక్కొచ్చింది. డ్రైవరుకు ఆ రోజు సెలవు. మరి కారెవరు నడుపుతారు?

"ఇంకో డ్రైవరుని పిలిస్తే ఆదివారం కాబట్టి రెట్టింపు ఇవ్వాలి సార్. చట్టం," అన్నారు రూలుబుక్కు.

మంత్రిగారు ఫోనందుకుని డ్రైవరుకే చేశారు. "నువ్వు ఇవాళ ఇంట్లోనే ఉంటావు కదయ్యా? మేమూ మీ ఇంటికే వస్తున్నాం. వచ్చి తీసుకుపో."

పాపం, వచ్చాడు. సొంత చొక్కా ఇస్త్రీ చేసి వేసుకొచ్చాడు. ఫోటోలో డ్రైవరని తెలియదని నేనే యూనిఫాం వేయించాను. దార్లో ఒక దుకాణం ముందు రెండు నిమిషాలు ఆపి, గుడ్డతో కుట్టిన కుందేలుబొమ్మ కొని ముందు సీట్లో పెట్టుకున్నాడు. "పాప లేచే టైముకి వెళ్లిపోతాం సార్," అన్నాడు. ఆరేళ్లలో అతను కూనిరాగం తియ్యడం అదే మొదటిసారి విన్నాను.

ఇరుకు సందులో రెండు గదుల ఇల్లు. తలుపు తీసే ఉంది. గుమ్మంలో వాళ్లావిడ, ఆవిడ వెనక పాప, లోపల గోడ నిండా మంత్రిగారు. డ్రైవరు దిగి, అలవాటు కొద్దీ వెనక్కొచ్చి డోరు తెరిచి పట్టుకున్నాడు. మంత్రిగారు దిగుతూ కుందేలుబొమ్మను చూసి, "ఏర్పాట్లు బాగా చేశావయ్యా," అని నన్ను మెచ్చుకుని దాన్ని చేతిలోకి తీసుకున్నారు.

పాప తొంగి చూసింది. గోడ వైపు తిరిగి చూసింది. మళ్లీ బయటికి చూసింది.

"అమ్మా! నాన్నొచ్చాడే!"

పరుగెత్తుకొచ్చి మంత్రిగారి మోకాళ్లను వాటేసుకుంది.

వాళ్లావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పన్నెండు కెమెరాలు ఒక్కసారి మోగాయి. మంత్రిగారు పాపను ఎత్తుకుని, "పిల్లలకి తెలుస్తుందయ్యా మంచివాళ్లెవరో," అన్నారు కళ్లు చెమర్చి. తర్వాత గడియారం చూసుకున్నారు. పదకొండుకి కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో విరామం గురించి ప్రసంగం ఉంది. "పద పద, ఆలస్యమైపోతోంది," అని పాపను దింపి కారెక్కారు. డ్రైవరు చేతిలోని డోరు ఇంకా తెరిచే ఉంది. దాన్ని మెల్లిగా వేశాడు.

సోమవారం ఆ ఫోటో అన్ని పత్రికల్లోనూ మొదటి పేజీలో వచ్చింది. "కార్మిక కుటుంబాల కన్నతండ్రి" అన్న శీర్షిక నాదే. ఈసారి డ్రైవరును మోచేతి దాకా కాకుండా భుజం దాకా ఉంచాలని మనసులో ఉండింది గాని, అక్షరాలు పెద్దవి కావడంతో చోటు చాల్లేదు.

ఆ పొద్దున డ్రైవరు నా టేబులు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "అన్నా, నువ్వు కత్తిరించక ముందు ఫోటో ఒక్కటుంటే ఇవ్వవా? ఏదైనా సరే."

"వెతుకుతాలే తమ్ముడూ," అన్నాను. అవి మేం దాచం.

కింద కారు దగ్గర రూలుబుక్కు రిజిస్టరు పట్టుకుని అతని కోసం చూస్తున్నారు. నిన్నటి తేదీకి ఎదురుగా "వారాంతపు సెలవు, పూర్తిగా వాడుకున్నాడు" అని ఆయనే స్వయంగా రాసి, కింద వేలు పెట్టి చూపించారు. మంత్రిగారు అప్పటికే వెనక సీట్లో కూర్చుని ఉన్నారు. డ్రైవరు స్టీరింగు మీద రిజిస్టరు పెట్టుకుని సంతకం చేసి, బండి స్టార్టు చేశాడు.