సాస్ రోకో

ఆ మంగళవారం ఉదయం సూర్యకాంతమ్మ అనుకున్నది ఒక్కటే. కొడుకు ఆస్పత్రికి బయల్దేరేలోగా కాస్త గంజి కాచి, దగ్గర కూర్చుని తాగించాలి. అప్పన్న టాటానగర్‌లో గూడ్సు గార్డు. కాలేయంలో నిమ్మకాయంత గడ్డ ఉందన్నారు. కోసి తియ్యడానికి వీల్లేదట, కొత్త మిషనుతో గురిపెట్టి కిరణాలు కొడతారట. ఆవిడ టెక్కలి నుంచి వచ్చి రెండు నెలలైంది. ఈ రెండు నెలల్లో ఆ క్వార్టర్లో ఎవరూ గట్టిగా నవ్వలేదు.

ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా కడుపులో ఆ గడ్డ కూడా కిందికీ మీదికీ జరుగుతుంది. గురి తప్పితే కిరణాలు మంచి కండని కాలుస్తాయి. అందుకని అప్పన్న ఇరవై సెకన్లు ఊపిరి బిగబట్టాలి. ఆ కాసేపే మిషను పనిచేస్తుంది. వారం రోజులుగా కూతురు గీతాంజలి గది తలుపేసి, గడియారం పట్టుకుని సాధన చేయిస్తోంది, ఆస్పత్రిలో చెప్పినట్టే, హిందీలో.

హిందీలో ఊపిరిని సాఁస్ అంటారు. కాస్త ముక్కుతో పలకాలి. ముక్కు వదిలేస్తే సాస్, అంటే అత్త. సూర్యకాంతమ్మకి తెలిసిన హిందీ అంతా టీవీ సీరియళ్లలోది. వాటినిండా అత్తలే.

గంజి గ్లాసుతో గుమ్మం దాకా వచ్చిన ఆవిడకి మనవరాలి గొంతు వినపడింది. "నాన్నా, సాఁస్ రోకో!" అత్తని ఆపు. కాసేపాగి, "సాఁస్ ఛోడో!" అత్తని వదిలెయ్. వెనకే కోడలు దాలమ్మ: "ఈ సాఁస్ వల్లే గడ్డ కదిలిపోతందని డాక్టరుగారు సెప్పినారు కదా. దాన్ని ఆపితేనే మనం బతికి బట్టకడతాం."

సూర్యకాంతమ్మ గ్లాసు కింద పెట్టేసింది. భర్త పోయినప్పుడు ఆడపడుచు తన కాలు మంచిది కాదంది. ఇన్నేళ్లూ ఆ మాట అబద్ధమనుకుంది. ఇప్పుడు చదువుకున్న డాక్టరే చెప్పాడు.

వాళ్లు ముగ్గురూ ఆటో ఎక్కాక ఆవిడ బట్టలు సంచీలో కుక్కుకుని, తాళం పక్కింట్లో ఇచ్చి, స్టేషనుకు నడిచింది. ప్లాట్‌ఫారం మీద అప్పన్న స్నేహితుడు, టికెట్ కలెక్టరు గోవిందరావు ఎదురొచ్చాడు.

"ఏటమ్మా, సంచీతో ఎక్కడికి? అప్పన్న ఎలాగున్నాడు?"

ఆవిడ కళ్లొత్తుకుంది. అసలు సంగతి తెలుగులో చెప్పుకోడానికి సిగ్గేసి, ఆ ముక్క మాత్రం హిందీలో చెప్పింది. "సాస్ బంద్, బాబూ. ఇంక నాకిక్కడ ఏటుంది? ఊరెల్లిపోతన్నాను."

ఊపిరి ఆగిపోయిందనుకుని గోవిందరావు బెంచీ మీద కూలబడ్డాడు. పావుగంటలో కబురు యార్డు దాకా పాకింది. పదకొండు మంది గార్డులూ డ్రైవర్లూ పెద్ద బంతిపూల దండతో మూడు ఆటోలెక్కారు. "రండమ్మా, మేమున్నాం" అని ఆవిడని కూడా ఎక్కించుకున్నారు. వీళ్లంతా డాక్టరుని బతిమాలి తనని ఉండనిచ్చేలా చేస్తారు కాబోలనుకుందావిడ. దండ డాక్టరుకనుకుంది.

ఆస్పత్రి వరండాలో దాలమ్మ మిషను గది తలుపు వైపే చూస్తూ కూర్చుంది. తలలు వంచుకుని వస్తున్న మనుషుల్నీ దండనీ చూసి లేచి నిలబడింది.

"దాలమ్మా, ధైర్నంగా ఉండాల. మాకిప్పుడే తెలిసింది" అన్నాడు గోవిందరావు.

లోపల ఏదో జరిగిపోయింది, తనొక్కదానికే చెప్పలేదు. దాలమ్మ పెట్టిన కేకకి గోడలు అదిరాయి. ఆ కేక లోపల బల్ల మీదున్న అప్పన్నకీ వినపడింది. తెర మీద అతని ఊపిరి గీత పిచ్చిగా ఎగిరింది. టెక్నీషియను మిషను ఆపి బయటికొచ్చి హిందీలో అరిచాడు, పేషెంటుని ఊపిరి బిగబట్టనివ్వరా అని.

"పేషెంటా? బతికే ఉన్నాడా?" గోవిందరావు దండని వీపు వెనక దాచుకున్నాడు.

సంగతంతా విడదియ్యడానికి గీతాంజలికి పది నిమిషాలు పట్టింది. "నానమ్మా, సాస్ నహీ, సాఁస్! ఊపిరి!" ఎవరూ నవ్వలేదు. దాలమ్మ వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది. "నిన్ను ఒగ్గీమని నానన్నానా అత్తా? అడగొచ్చు కదా."

"అడిగితే అవునంటావేమో అని బయమేసింది."

లోపల అప్పన్న మూడుసార్లు ప్రయత్నించాడు. ఎనిమిది సెకన్లకే ఊపిరి తన్నుకొచ్చేస్తోంది. ఈ రోజుకి కుదరదు, మళ్లీ వచ్చే వారమే అన్నాడు టెక్నీషియను. గడ్డ మాత్రం వారం ఆగుతుందా? దాలమ్మ గోడకి చేరబడిపోయింది.

"నాను సెప్తే?" అంది సూర్యకాంతమ్మ.

బయటి గదిలో మైకు ముందు కుర్చీ వేశారు. "ఒరే అప్పన్నా, ఇనబడతందా? సిన్నప్పుడు ఆముదం తాగినప్పుడు ఎలాగ బిగబట్టినావు? అలాగ బిగబట్టు. నాను నెక్కెడతాను. ఒకటి... రెండు..."

తెర మీద గీత మెల్లగా పైకి లేచి, అక్కడే తిన్నగా నిలిచిపోయింది. లోపల మిషను పని మొదలెట్టింది. ఆవిడ ఎక్కడా లెక్క తప్పలేదు. "ఇరవై. ఇంక ఒగ్గీరా, నాయినా."

ఇలా పదిసార్లు.

గడ్డ కరిగిందీ లేనిదీ మూడు నెలల తర్వాత గానీ తెలీదన్నాడు డాక్టరు. మిగిలిన నాలుగు విడతలకూ అత్తగారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాకే మిషను ఆన్ చేశారు.