అరువది సెకన్ల నిష్కంప సమరము

ఓ స్థైర్యమా! చలనచిత్రలోకాధిదేవతా! చేయి వణకువారి నెల్ల చల్లగా చూడవమ్మా! నీ కటాక్షము లేకున్న ఎంతటి మహావీరుడు పట్టిన ఫోనులోనైనను గోడలు గంతులు వేయును, బల్లలు తూలును, చూచువారికి కడుపులో తిప్పును. ఉదయము పదకొండు గంటల పది నిమిషములు. కిటికీ ఎండ కాగితపు ధూళిపై వాలుగా పడుచున్న సుముహూర్తము. పుస్తకములకు అట్టలు కట్టు ఒకానొక పనిగది. అచట జరిగిన సంగ్రామమును కన్నులార చూచినవాడను గనుక చెప్పుచున్నాను, మాటలు కట్టిపెట్టి వినుడు.

ఆ గదికి అధీశ్వరి వదిన; సూచీసూత్రధారిణి, జీర్ణగ్రంథప్రాణదాత్రి. గ్రంథాలయమున శిథిలమై పడియున్న నూరు పాత సంపుటములను తన చేతులతో కుట్టి నిలబెట్టవలెనని ఏడేండ్లుగా ఆమె కోరిక. గ్రంథాలయమువారు ఎట్టకేలకు కరుణించి, “మీ గది పొడిగా, శుభ్రంగా ఉందో లేదో చూడాలి. గుమ్మం నుంచి కుట్టుబల్ల దాకా, మధ్యలో ఆపకుండా, ఒక్క నిమిషం వీడియో పంపండి” అనిరి. రెండు పంపగా రెండును తిరిగివచ్చెను. మొదటిదానిలో ఏమియు కనబడలేదు, అంతయు ఊగుటే. రెండవదానిలో జూము ముందుకును వెనుకకును పరుగులు తీసెను. నేడు మధ్యాహ్నము పండ్రెండు దాటెనా, ఆ సంపుటములు యంత్రముతో అంటించు వేరొకరి పాలగును.

ఆ రెండు కళాఖండములను తీసిన మహానుభావుడు వదినకు స్వయానా మరిది. ఇంటిలో అతనిని ‘భూకంపం’ అందురు. పరాభవాగ్నిదగ్ధహృదయుడైన అతడు మూడు దినములు తిండి సయించక శాస్త్రమంతయు వల్లెవేసి, ఫోనును రెండు చేతుల బట్టి, మోచేతులను ప్రక్కటెముకలకు హత్తించి, మోకాళ్ళను ఇంచుక వంచి, మడమ ముందు వ్రేళ్ళు వెనుక మోపు మార్జాలగమనము నభ్యసించి, జూము జోలికి పోనని ఒట్టు పెట్టుకొని, గుమ్మమున నిలిచి గర్జించెను:

“వినుము వదినా! ఈ మణికట్టు కదలదు! ఈ భుజము జంకదు! ఓరీ గోడలారా, మీ గంతులకు నేటితో కాలము చెల్లినది!”

“గోడల సంగతి తర్వాత చూద్దాం గానీ, ముందు ఆ లెన్సు తుడువు నాయనా. నీ వేలిముద్రే ఉంది దానిమీద,” అన్నది వదిన.

లెన్సు తుడువబడెను. సమరము మొదలయ్యెను. అహో! గోడ కదలలేదు! అలమర కదలలేదు! కాని ఊపిరి తీసినచో చేయి వణకునను భయముతో మన వీరుడు శ్వాసనంతయు బిగబట్టియుండెను. ఇరువదవ సెకనున ముఖము కందెను. ముప్పదవ సెకనున కనుగ్రుడ్లు వెలికివచ్చెను. నలుబదవ సెకనున “హుఫ్” మని వెలువడిన నిశ్వాసప్రభంజనమునకు ఫోను జానెడెత్తు ఎగిరెను. మరల మూడు మార్లు పోరెను. మూడు మార్లును ఆ పాడు నలుబదవ సెకనే! గడియారము పదకొండు నలుబది చూపెను.

“నా వల్ల కాదు వదినా. నీ పని నేనే చెడగొట్టాను,” అని మరిది కూలబడెను. పాపము, అతని కంట నిజముగనే నీరు తిరిగెను.

 వదినయు ఏమి చేయుటకును తోచక, ఉడికిన జిగురును గిన్నె అంచువరకు నింపి, రెండు చేతుల బట్టి బల్లవైపు నడచుచు, మూల కూర్చుండి దారమునకు మైనము రుద్దుచున్న అత్తగారితో, “అంత మైనం వద్దత్తయ్యా, సూది జారిపోతుంది,” అనెను. చుక్క ఒలకలేదు.

మరిది నోరు తెరచెను. “నిండు గిన్నె పట్టుకుని మాట్లాడతావేంటి వదినా? ఒలకదూ?”

“నోరు మూసుకుంటేనే ఒలుకుతుంది. ఒళ్ళంతా బిగుసుకుపోదూ?”

“వాగుతూ నడవరా అయితే,” అన్నది తల్లి. “ఆ ఒక్క విద్యా నీకు ఎవరూ నేర్పక్కర్లేదు!”

అంతే! లేచెను మరిది. పెదవులలో ఏదో గొణుగుచు, ఊపిరిని దాని దారిన పోనిచ్చుచు, ఇరువదిని దాటి, ముప్పదిని దాటి, నలుబదవ సెకనను ఆ దుర్గమదుర్గమును ఏమరుపాటుననే దాటి, కుట్టుబల్లకడ ఐదు సెకన్లు శిలవలె నిలిచి, అరువదవ సెకనున మీట నొక్కెను. పండ్రెండుకు మూడు నిమిషములుండగా వీడియో వెడలిపోయెను.

పిమ్మట తీరికగా పెట్టి చూచిరి. దృశ్యము అమోఘము. అయ్యో, ఫోనుకు చెవి కూడ గలదని ఒక్కరికిని తోచకపోయెనే!

“…ఇదిగో గుమ్మం దాటాం… ఇది కత్తి, ముట్టుకుంటే వేలు తెగుతుంది, వదిన చూస్తే చెవి తెగుతుంది… గోడకి చెమ్మ లేదండీ, నిన్న నాచేత నాలుగుసార్లు తుడిపించింది… ఆ పై అర చూశారా, మీ పుస్తకాల కోసం ఏడేళ్ళుగా ఖాళీగా ఉంచింది, నా చొక్కా పెడితే కిటికీలోంచి విసిరేసింది… ఇచ్చెయ్యండి బాబూ. మా వదిన నోరు తెరిచి అడగదు గానీ, చాలా ఆశ పెట్టుకుంది…”

“పరువు తీశావు కదయ్యా!” అని వదిన కొంగు నోటికి అడ్డము పెట్టుకొనెను; నవ్వెనో ఏడ్చెనో, రెండును చేసెను.

ఫోను మ్రోగెను. గ్రంథాలయాధికారిణి. “వీడియో చూశామండీ. ఇక్కడ అందరం నవ్వలేక చచ్చాం. సోమవారం మొదటి ముప్ఫై పుస్తకాలు పంపిస్తున్నాం. ఆ అరలో పడతాయా?”

“పడతాయండీ,” అన్నది వదిన. 

కావున లోకులారా, డప్పులు మ్రోగింపుడు! ఏ కోటయు కూలలేదు, ఏ రాజ్యమును చేతులు మారలేదు. ఒక పనిగదిలో అరువది సెకన్లు ఒక ఫోను కదలకుండెను. జయము! జయము! విజేతకు వదిన స్వహస్తములతో ఒక పొడిగుడ్డ బహూకరించి, పై అర చూపెను.